పది గజాల గొలుసు

టాలీ లాండింగ్,
సెప్టెంబరు 1, 1991

ఒరేయ్ గేలన్,

ఫోనులో మాట్లాడిన ప్రతిసారీ పోట్లాటతోనే పెట్టేస్తున్నాం కాబట్టి ఈ ఏడాది ఉత్తరాలే రాసుకుందామని నువ్వే అన్నావు. సరే, మొదలుపెడుతున్నాను. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు, అదొక సుఖం.

రాయిస్ ఎంత పొడుగయ్యాడంటే వంటింట్లోకి తల వంచుకుని వస్తున్నాడు. పదకొండో తరగతి. బడి ఫుట్‌బాల్ జట్టులో ఈసారి కూడా బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తే పని వాడిదే. మీ బావ సరుకుల బార్జీ మీద పనికి దక్షిణానికి పోయాడు, ఆకులు రాలేదాకా రాడు. అసలు కబురేమిటంటే, నాన్న పోయాక మైదానంలో గొలుసు దగ్గర ఖాళీ అయిన చోటు నాకిచ్చారు. ఆర్లో తనంతట తానే బడి వంటగదికి వచ్చి అడిగాడు.

"నేను గరిటె తిప్పేదాన్ని, నాకు గీతల దగ్గర పనేంటి?" అన్నాను.

"మీ నాన్న ముప్ఫై ఏళ్లు నాకెదురుగా అవతలి కర్ర పట్టుకున్నాడమ్మా. ఆ కర్ర ఇంకొకడి చేతిలో చూడలేను. నువ్వైతే తిట్టినా అదే గొంతు," అన్నాడు.

మొన్న శుక్రవారం మొదటిసారి పట్టుకున్నాను. నారింజ రంగు కర్రలు రెండు, మధ్యన పది గజాల గొలుసు. నాన్న మనకి ఆట నేర్పిన రోజు గుర్తుందా? "నాలుగుసార్లు ప్రయత్నించు, పది గజాలు దాటు. దాటితే బంతి నీదే, దాటకపోతే అవతలివాడిది. అంతకంటే ఎవడికీ ఎక్కువివ్వరు. గొలుసు మాత్రం రెండు వైపులా బిగించి లాగాలి. వదులు గొలుసు ఎవడికి కావాలంటే వాడికి అబద్ధం చెబుతుంది." కర్ర పట్టుకోగానే ఆ మాటలు నా చేతుల్లోకి వచ్చేశాయి. ఏడవలేదు. ఆర్లో ఏడ్చాడు.

ఇక చేదు సంగతి. మూడేళ్లుగా ప్రతి నవంబరూ ఆఖరి పోటీల్లో నువ్వు కోచ్‌గా ఉన్న ఆ సెయింట్ ఫింటన్ బడి మమ్మల్ని ఇంటికి పంపిస్తోంది. పిల్లల లెక్క సమానమని రెండు బళ్లనీ ఒకే విభాగంలో వేశారు. లెక్క సమానమేరా, ఎవరు కాదన్నారు? కానీ మావాళ్లు ఈ కొండకీ ఆ నదికీ మధ్య పుట్టినవాళ్లు, మీవాళ్లు ఏడు జిల్లాల నుంచి ఏరుకొచ్చినవాళ్లు. పెరట్లో కాసింది ఒకరిది, సంతంతా తిరిగి ఎంచి తెచ్చింది ఇంకొకరిది. ప్రైవేటు బళ్లకి వేరే పోటీలు పెట్టమని ఊరంతా అర్జీ పెట్టింది. వసంతంలో రాష్ట్ర సంఘం బళ్లన్నిటి చేతా ఓటు వేయిస్తుందట. నేనూ సంతకం పెట్టాను. వచ్చే ఏడు రాయిస్‌కి ఆఖరిది, వాడు ఒక్కసారైనా ఫైనల్లో ఆడాలి. వేరేవాళ్లు చెబితే విని మూతి ముడుచుకుంటావని నేనే చెబుతున్నాను.

అక్క,
ఆర్డిత్


సిన్సినాటి,
సెప్టెంబరు 12

అక్కా,

నీ ఉత్తరం చదివాక నాన్న కలలోకి వచ్చాడు. నది మీద నడుస్తున్నాడు, చేతిలో నారింజ కర్ర, గొలుసు నీళ్లలోకి వేలాడుతోంది. "అవతలి కొస ఎవరి దగ్గరుంది నాన్నా?" అని అడిగాను. వినిపించుకోలేదు. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు నా అరచేతిలో ఇనుము వాసన ఉన్నట్టే అనిపించింది.

ఇక్కడి మైదానంలోకి మంచు రాదు. గడ్డి బదులు ఆకుపచ్చ తివాచీ పరిచారు, వాన వెలిశాక మట్టి వాసన కూడా రాదు. సాయంత్రాలు పిల్లలు వెళ్లిపోయాక ఒక్కణ్ణే ఆ తివాచీ మీద నడుస్తూ ఉంటాను. కళ్లు మూసుకుంటే మన నది వినిపిస్తుంది. తెరిస్తే అది రహదారి మీద లారీల చప్పుడు.

సంతలో ఎంచి తెచ్చినవాళ్లు అన్నావు. మా పిల్లల్ని ఎవరూ తాళ్లతో కట్టి తేవడం లేదక్కా. మంచి చదువు దొరుకుతుందని వాళ్ల అమ్మలే పంపుతున్నారు. ఇలా రాశాను గానీ నీ మాట గుచ్చుకుంది. నిజం లేకపోతే గుచ్చుకునేది కాదు.

ఒక్కటి ఆలోచించావా? నేను టాలీ లాండింగ్ బడి వదిలేసి ఇక్కడ చేరిన ఏడాది మీ బడి కమిటీ ఒట్టు పెట్టుకుంది, ప్రైవేటు బళ్లతో మామూలు ఆటలు ఆడేది లేదని. నాన్న అంత్యక్రియల రోజున సగం ఊరు నాతో చేయి కలపలేదు. మీ ప్రిన్సిపాల్ హబ్బెల్ అయితే టోపీ సర్దుకుంటూ పక్కకి తిరిగాడు. అందుకే నవంబరులో రెండు జట్లూ ఎదురుపడితేనే నేను ఆ నది ఒడ్డుకి రాగలుగుతున్నాను. నువ్వు గ్యాలరీలో, నేను గీత దగ్గర. మాట్లాడుకోం కూడా. అయినా ఏడాదంతా నేను ఎదురుచూసేది ఆ ఒక్క సాయంత్రానికే. పోటీలు విడదీస్తే అదీ పోతుంది. చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

అక్టోబరు మొదటి ఆదివారం భోజనానికి రానా?

గేలన్


టాలీ లాండింగ్,
సెప్టెంబరు 24

గేలన్,

రానా అని అడుగుతావేమిట్రా, ఇది నీ ఇల్లు కాదూ? ఉత్తరం మూడుసార్లు చదివాను, నాలుగోసారి రాయిస్ చేత చదివించుకున్నాను. వాడు నీకోసం ప్రశ్నలు దాచిపెట్టుకున్నాడు, సెయింట్ ఫింటన్ రక్షణ వరుస ఎటు వంగుతుందో కూడా అడుగుతాడట. చెప్పకు, నీ ఉద్యోగం పోతుంది. చెప్పినా నేనెవరికీ చెప్పను.

ఆపిల్ కేకు చేస్తున్నాను, అమ్మ చేసే తీరులో, అడుగున బెల్లం పాకంలా కారేలా. బండి మాత్రం దుకాణాల వీధిలో ఆపకు. ఆర్లో టైర్ల గాలి తీస్తాడు. ప్రేమతోనే తీస్తాడనుకో.

ఆర్డిత్


సిన్సినాటి,
అక్టోబరు 9

అక్కా,

భోజనానికి కృతజ్ఞతలు. కేకు చాలా బాగుంది. రాయిస్ చక్కగా ఎదిగాడు.

సాయంత్రం వాడూ నేనూ మైదానం దాకా నడిచాం. మేపుల్ ఆకులు గీతల మీద పడి ఉన్నాయి. ఎర్రటి ఆకుల్లో నడుస్తుంటే వాడు అడిగాడు, "మామయ్యా, మీ పిల్లలు ఎక్కడెక్కణ్ణించి వస్తారు?" అని. "అన్ని చోట్ల నుంచీ వస్తారు," అన్నాను. "వాళ్లూళ్లల్లో మరి ఎవరాడతారు?" అన్నాడు. ఏదో చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మళ్లీ రాస్తాను.

గేలన్


టాలీ లాండింగ్,
నవంబరు 17

గేలన్,

శుక్రవారం నువ్వూ అక్కడే ఉన్నావు. అయినా నువ్వు చూసిందీ నేను చూసిందీ ఒకటి కాదు కాబట్టి రాస్తున్నాను.

రెండో సగం మొదలయ్యేసరికి నది మంచై లేచి వచ్చి మైదానంలో కూర్చుంది. దీపాలు పాలల్లో మునిగినట్టు అయిపోయాయి. బ్యాండు మోగుతోంది, వాయించేవాళ్లు కనబడరు. పిల్లలు తెల్లదనంలోంచి వచ్చి మళ్లీ తెల్లదనంలోకే పోతున్నారు, ఎవరి బిడ్డ ఎవరో తెలియకుండా. ఆర్లో అవతలి కర్ర దగ్గరున్నాడని గొలుసు బరువును బట్టి తెలుస్తోందంతే. నీ గొంతు మాత్రం వినిపించింది, "ఎడమకి, ఎడమకి" అని. చిన్నప్పుడు పడవలో నన్ను అలాగే అరిచేవాడివి. కాసేపు నాకు ఓడిపోతామన్న భయం కూడా పోయింది. స్కోరూ వద్దు, ఎవరి ఊరు ఏదో కూడా వద్దు, ఇలాగే ఉండిపోతే బాగుండుననిపించింది.

అంతలో అవతలి గ్యాలరీ నుంచి కేక. గీత దాటింది ఎవరో మావాళ్లెవరికీ కనపడనే లేదు. కేక ఎటు నుంచి వచ్చిందో చూసి ఓడిపోయామని తెలుసుకున్నాం.

ఇంటికి వచ్చి రాయిస్ బూట్లకు అంటిన బురద గీకుతూ కూర్చున్నాడు. "అమ్మా, పోటీలు విడగొడితే వచ్చే ఏడు మనం ఫైనల్ దాకా పోతామంట కదా?" అన్నాడు.

"పోతాం నాన్నా."

"మరి వాళ్లనెప్పుడు గెలవాలి?"

లేచి వెళ్లి బంగాళాదుంపలు వేయించాను.

ఆట అయ్యాక నీకోసం ఆ మంచులో కేకలు వేసుకుంటూ తిరిగాను. నువ్వప్పటికే బస్సెక్కేశావు. అక్టోబరులోనూ అంతే, కుర్చీ అంచున కూర్చున్నావు. కేకు రెండో ముక్క అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు రెండో ముక్క అడగని రోజు ఏదో దాచిన రోజే. చల్లకొచ్చి ముంత దాచావు. ఏమిటా ముంత? రాయి.

ఆర్డిత్


సిన్సినాటి,
నవంబరు 24

అక్కా,

అక్టోబరులో మా పెద్ద కోచ్ పంపితే వచ్చాను. రాయిస్‌ని సెయింట్ ఫింటన్‌కి తీసుకురమ్మన్నాడు. ఫీజులుండవు, ఉండడానికి చోటు చూస్తారు, ఆఖరి ఏడాది మా జట్టులో ఆడతాడు. "మీ అక్క కొడుకే కదా, నీకైతే తలుపు తెరుస్తారు," అన్నాడు. సరేనని బండెక్కాను.

నా శనివారాలు ఎటు పోతాయో నీకెప్పుడూ చెప్పలేదు. ఊళ్లు తిరుగుతాను. మొక్కజొన్న చేల మధ్య నుంచీ, మూతబడిన గనుల పక్క నుంచీ వెళ్లి ఎవరి వంటింట్లోనో కూర్చుంటాను. ప్రతి అమ్మా కాఫీ పోస్తుంది, కేకు కోస్తుంది. పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడి వింటాడు. నేను చెప్పేవి అబద్ధాలు కావు. మంచి చదువు, మంచి కాలేజీ, అన్నీ నిజాలే. కానీ నేను వచ్చేశాక ఆ ఊళ్లో శుక్రవారం సాయంత్రాలు ఎలా ఉంటాయో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రోజు మన వంటింట్లో కూర్చుని, నువ్వు కేకు కోస్తుంటే, రాయిస్ గుమ్మంలో తల వంచి నిలబడితే, నా కేకు పళ్లెం పక్కకి జరిపేశాను. ఇన్నాళ్లూ నేను కూర్చున్న వంటిళ్లన్నీ ఇలాంటివేనక్కా. అడగలేకపోయాను. పిల్లవాడికి ఇష్టం లేదని తిరిగొచ్చి మా కోచ్‌కి అబద్ధం చెప్పాను.

నువ్వు తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

గేలన్


టాలీ లాండింగ్,
ఫిబ్రవరి 9, 1992

గేలన్,

క్రిస్మస్‌కి కార్డు పంపలేదని గమనించే ఉంటావు. కావాలనే పంపలేదు.

నువ్వు అడిగినందుకు నాకు కోపం లేదు, అడగలేదు కదా. అడగడానికి ఒప్పుకుని బండెక్కావు చూడు, దానికే కోపం. నేనేమో తమ్ముడు వస్తున్నాడని కిటికీ తెరలు ఉతికాను. ఊరంతా నిన్ను నానా మాటలూ అంటుంటే దెబ్బలాడినదాన్ని. నువ్వు మాత్రం నా ఇంటికి కొనుగోలుకి వచ్చావు.

రాయిస్‌కి చెప్పాను. వాడికి తెలియాలి అనిపించింది. అంతా విన్నాడు. తర్వాత, "మామయ్య అడిగుంటే నేనేమనేవాణ్ణో నాకే తెలీదమ్మా," అన్నాడు. వాడు ఆ మాట దాచుకోలేదు, మంచిదే. కానీ అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. నది ఒడ్డున మంచు గడ్డలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే చప్పుడు వింటూ పడుకుంటున్నాను. మా పిల్లల మీద మీవాళ్ల కన్ను ఎప్పుడూ ఉంటుందన్నమాట.

కాబట్టి విడిపోవడమే మేలు. ఏప్రిల్లో ఫైర్ స్టేషన్ హాల్లో చిక్కుడు గింజల విందు ఉంది. ఊరి మాట హబ్బెల్ ఎప్పుడూ అక్కడే అడుగుతాడని నీకు తెలుసు. విడదీయాలనే వాళ్లు డబ్బాలో తెల్ల గింజ వేస్తారు, వద్దనేవాళ్లు ఎర్రది. నేను తెల్లది వేస్తున్నాను. నీ ఒక్క సాయంత్రం సంగతి నాకు తెలుసు. అయినా వేస్తాను.

ఆర్డిత్


సిన్సినాటి,
ఏప్రిల్ 26

అక్కా,

ఈ ఉత్తరం చదివి నవ్వుతావో, పొయ్యిలో పెడతావో.

నిన్న మా బడి నడిపే ఫాదర్ క్వెంటిన్ గదికి వెళ్లాను. మా బడి ఓటు ఆయనదే. డెబ్బై దాటిన మనిషి, కిటికీలో పిచ్చుకలకి రొట్టె ముక్కలు వేస్తున్నారు. నా శనివారాల సంగతంతా చెప్పాను. ఆయనకి కొంత తెలుసు, కొంత తెలుసుకోకుండా ఉండడానికి ఇష్టపడ్డారు. చివరికి, "నువ్వేం చేయమంటావు?" అన్నారు.

"విడదీయమని ఓటేయండి ఫాదర్. ఎంచి తెచ్చుకున్నవాళ్లం ఎంచి తెచ్చుకున్నవాళ్లతోనే ఆడదాం," అన్నాను.

"మీ ఊరికి నువ్వు వెళ్లేది ఆ ఆటకే కదా?" అన్నారు. ఆయనకి ఇదెలా తెలుసో! పిచ్చుకలు చెప్పి ఉంటాయి. అవునన్నాను. ఆయన చేతులకంటిన రొట్టె పొడి దులుపుకుని, "అయితే నీ మాట నమ్మొచ్చు," అన్నారు.

మా ఓటు మీవైపే, అక్కా. రాయిస్ వచ్చే ఏడు ఫైనల్లో ఆడాలి. నేను కోచ్ పని మానేశాను, ఇక చరిత్ర పాఠాలు చెప్పుకుంటాను. నిన్న శనివారం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదని గుర్తొచ్చి, మధ్యాహ్నమంతా ఆ తివాచీ మీద పడుకుని మబ్బులు చూశాను. ఒక మబ్బు అచ్చంగా ఆర్లో ముక్కులా ఉంది.

గేలన్


టాలీ లాండింగ్,
ఏప్రిల్ 26

ఒరేయ్ గేలన్,

నిన్న విందులో జరిగింది ఎవరికైనా చెబితే నమ్మరు. నువ్వు ఈ ఊళ్లో పుట్టావు కాబట్టి నమ్ముతావు.

పొయ్యి మీద రెండు పెద్ద డేగిసాల్లో పంది ఎముక వేసి గింజలు ఉడుకుతున్నాయి. పక్కన మొక్కజొన్న రొట్టెలు. గుమ్మం దగ్గర ఓట్ల డబ్బా. అందరూ వచ్చి గుప్పిట మూసి తలో గింజా వేశారు. నేనూ వేశాను, తెల్లదే. హబ్బెల్ డబ్బా తెచ్చి లెక్కపెట్టడానికని పొయ్యి పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఈలోగా ఆర్లో వచ్చి గరిటెతో తిప్పి చూసి, "పలచగా ఉందే," అని ఆ డబ్బా కాస్తా డేగిసాలో ఒంపేశాడు!

ఊరి తీర్పు పులుసులో కలిసిపోయింది. వడ్డించాక తెలిసింది. ఎవరి పంటికో గట్టిగా తగిలి, "ఇదిగో నా ఓటు!" అని అరిచారు. హాలంతా నవ్వులే నవ్వులు. ఆర్లో మొహం మాత్రం చూడలేకపోయాను.

హబ్బెల్ నవ్వలేదు. "సోమవారం ఓటు పంపాలి. గింజలు లేవు, ఇక నోటితో చెప్పాల్సిందే. ఆర్డిత్, నీ కొడుకు ఇటు, నీ తమ్ముడు అటు. నువ్వే మొదలుపెట్టు," అన్నాడు.

గింజైతే గుప్పిట్లో దాచుకోవచ్చు, మొహం ఎక్కడ దాచుకోను? గరిటె పట్టుకుని నిలబడ్డాను. విడదీయమనే చెప్పాలని నోరు తెరిచాను. ఎదురుగా రాయిస్ పళ్లేలు మోస్తూ ఆగిపోయాడు. "వాళ్లనెప్పుడు గెలవాలి" అన్న మాట గుర్తొచ్చింది. మంచులో "ఎడమకి, ఎడమకి" అన్న నీ గొంతు గుర్తొచ్చింది. నువ్వు మాకు అన్యాయం చేశావు, అయినా నువ్వు ఆ గీత దగ్గర లేని నవంబరు నాకొద్దురా. ఆ మాట అక్కడే తెలిసింది నాకు.

"విడదీయొద్దు," అన్నాను.

"నీకేమైనా మతి పోయిందా? సంతకం పెట్టింది నువ్వే కదా!" అని ఎవరో అరిచారు.

"పెట్టాను. వాళ్లు చేసేది తప్పే, ఇప్పటికీ అంటాను. కానీ మన పిల్లలు వాళ్లని గెలవాలంటున్నారు, వాళ్లకి దూరంగా పోయి దాక్కోవాలనట్లేదు," అన్నాను.

ఆ తర్వాత కేకలు, వాదనలు, రొట్టె ముక్కలు విసురుకోవడం. చివరికి ఒప్పుకున్నారు, సగం మంది సణుక్కుంటూ. ఆర్లో ఒప్పుకున్నది పాపభీతితో. మా బడి ఓటు వద్దనే. నీ సాయంత్రం నీకుంచాను. సంతోషమేనా?

ఆర్డిత్


సిన్సినాటి,
మే 20

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి చూసి తల పట్టుకుని ఉంటాయి.

ఫలితం విన్నావుగా. విడిపోయాయి. అన్యాయం అని అందరికంటే గట్టిగా అరిచిన మీ ఊరు వద్దంది, లాభపడుతున్న మా బడి కావాలంది, మిగిలిన రాష్ట్రానికి ఈ గొడవేమీ తెలియకుండానే ఓటేసింది. ఫాదర్ క్వెంటిన్‌కి నీ ఉత్తరం చదివి వినిపిస్తే, గింజల సంగతి దగ్గర కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

ఇక్కడ పాత విద్యార్థులు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నారు. అక్కడ సరేసరి. రెంటికీ చెడ్డ రేవణ్ణి అయ్యాను. నవంబరు సంగతి ఆలోచించకుండా ఉండాలని చూస్తున్నాను. నువ్వు ఆ హాల్లో గరిటెతో నిలబడి అన్న మాట ఉంది చూడు, అది చాలు నాకు. చాలు అని రాశాను గానీ, చాలదు.

గేలన్


టాలీ లాండింగ్,
జూలై 28

గేలన్,

చాలదని నాకూ తెలుసు. అందుకే బడి కమిటీ సమావేశానికి వెళ్లి కూర్చున్నాను.

"ఆఖరి పోటీలు ఎలాగూ విడిపోయాయి. ఇక ఆ పాత ఒట్టు దేనికి? వాళ్లతో ఒక మామూలు ఆట పెట్టుకుందాం," అన్నాను. రాయిస్ జట్టు మొత్తం నా వెనక గోడకి ఆనుకుని నిలబడింది, ఒక్కడూ నోరు విప్పలేదు. అంతమంది అంత పొడుగు పిల్లలు ఊరికే నిలబడితే ఎవరికైనా భయమేస్తుంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టారు. సెప్టెంబరు మొదటి శుక్రవారం, మా మైదానంలో, సెయింట్ ఫింటన్‌తో. మీ ఫాదర్ వెంటనే ఒప్పుకుని ఉత్తరం రాశారట, చివర పిచ్చుక బొమ్మ వేసి. కప్పుకీ విభాగానికీ సంబంధం లేదు, ఏ లెక్కలోకీ రాని ఆట.

ఇంకొకటి. ఆర్లో మోకాళ్లు అరిగిపోయాయి, గొలుసుతో పరుగెత్తలేడు. తన కర్ర ఎవరికివ్వాలో తనే చెప్పాడు. హబ్బెల్ నోరు వెళ్లబెట్టి, "వాడు అవతలి బళ్లో పాఠాలు చెబుతాడయ్యా!" అన్నాడు.

"రెండు ఊళ్లూ నమ్మని మనిషి. గొలుసుకి అంతకంటే తగినవాడు ఎక్కడ దొరుకుతాడు?" అన్నాడు ఆర్లో.

మంచి బూట్లు తెచ్చుకో. నది ఒడ్డు తడిగా ఉంటుంది.

ఆర్డిత్


సిన్సినాటి,
సెప్టెంబరు 6

అక్కా,

ఇంటికి వచ్చి రెండు రోజులైంది. ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

ఆ సాయంత్రం వాన వెలిసి, వెచ్చటి నేలలోంచి ఆవిరి లేచి, నది మీది మంచుతో కలిసింది. మన మధ్య పది గజాలే, అయినా నువ్వు నాకు సగమే కనిపించావు. ఆట నడుస్తున్నంతసేపూ నువ్వు కదిలితే నేను కదిలాను, నువ్వు ఆగితే ఆగాను. ముప్ఫై ఏళ్లు నాన్నా ఆర్లోనూ ఎందుకు పెద్దగా మాట్లాడుకోలేదో తెలిసింది. అంతా గొలుసే చెబుతుంది.

చివరి నిమిషం. మనవాళ్లు నాలుగు పాయింట్లు వెనక. (మనవాళ్లు అని రాశాను, చూశావా?) నాలుగో ప్రయత్నం, అదే ఆఖరిది. రాయిస్ బంతి చంకలో పెట్టుకుని ఆ గుంపులోకి తల వంచి దూరాడు, వంటింటి గుమ్మంలోకి వచ్చినట్టే. అందరూ మీద పడ్డారు. రెఫరీ ఈల వేసి గొలుసు తెమ్మన్నాడు.

మనిద్దరం మైదానం మధ్యకి పరుగెత్తాం. నువ్వు నీ కొస గీత మీద ఆన్చావు, నేను నా కర్ర బంతి పక్కకి తెచ్చాను. రెండు గ్యాలరీల్లోనూ ఊపిరి లేదు. అప్పుడు నా చేతిలో గొలుసు ఒక వేలెడు వదులుగా ఉంది, అక్కా. ఎవరికీ కనబడనంత. అలాగే కర్ర దించేస్తే రాయిస్ దాటినట్టే. నాకు దించేయాలనిపించింది. ఇన్ని వంటిళ్లకీ కలిపి ఒక వేలెడు ఇవ్వలేనా అనిపించింది.

అంతలో అవతలి నుంచి నువ్వు లాగావు. ఒక్కసారే, గట్టిగా. మంచులో నీ మొహం కనబడలేదు. నీ కొడుకు బంతి మీద పడుకుని ఉన్నాడు, నువ్వు లాగావు. నేనూ లాగాను.

బంతి ఒక వేలెడు ఇవతలే ఉంది.

రాయిస్ లేవలేదు. నేల మీద నుంచే నావైపు తల తిప్పాడు. "మామయ్యా, గొలుసు బిగువుగానే ఉందా?"

"ఉందిరా."

"అయితే సరే," అని లేచి, బంతి సెయింట్ ఫింటన్ పిల్లల చేతిలో పెట్టాడు.

గేటు దగ్గర హబ్బెల్ కనిపించాడు. టోపీ సర్దుకోలేదు. చేయి చాపి, "వచ్చే ఏడు మీ దగ్గరా, మళ్లీ ఇక్కడేనా?" అన్నాడు. వెనక జనమంతా ఆగి నా జవాబు కోసం చూస్తున్నారు, ఇప్పుడే ఓడిపోయినవాళ్లు.

నది మీద నాన్న నడిచే ఆ కల ఇక రాదనుకుంటాను.

గేలన్


టాలీ లాండింగ్,
సెప్టెంబరు 10

గేలన్,

రాయిస్ బాగానే ఉన్నాడు. రెండు రోజులు కేకు ముట్టలేదు, మూడో రోజు సగం తినేశాడు. నవంబరులో ఫైనల్ వస్తే వస్తుంది, ప్రాక్టీసుకి పోయాడు.

లాగినప్పుడు నేను రాయిస్ వైపు చూడలేదురా. నువ్వు లాగకపోతే ఏం చేసేదాన్నో తెలియదు.

నీ బూట్లు మా వరండాలోనే వదిలేసి, మేజోళ్లతో బండి నడుపుకుంటూ పోయావు. కడిగి ఎండలో పెట్టాను. పోస్టులో మాత్రం పంపను.

అక్క